మినహాయింపు కోరుతూ మహజరు

మహారాజశ్రీ ఆంధ్రప్రదేశ్ ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి గారి దివ్యసముఖమునకు,

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల గృహస్థుల తరఫున నెలనెలా బిల్లు కట్టే ఒకానొకడు చేసుకొను విన్నపములు.

అయ్యా, ఇంట్లో బల్బు మేమే మార్చుకోవచ్చు. ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవచ్చు. 250 వోల్టులు దాటని ఇంటి సామాను పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు, వైరింగు సామర్థ్యం, తీరు మారనంత వరకు. అంతకు మించి ఒక్క పాయింటు పెంచాలన్నా, ఒక వైరు వంటింట్లోంచి వసారాలోకి లాగాలన్నా ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరే పని పట్టాలి, అర్హత పత్రమున్న సూపర్‌వైజరు దగ్గరుండాలి, పర్మిట్టున్న వైర్‌మన్ చెయ్యి పెట్టాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నియమాల్లో 29వ నిబంధన చెప్పింది ఇదే. 2023లో నియమాలన్నీ కొత్తగా రాసినప్పుడు కూడా ఈ గీత చెరపలేదు. 2010కి ముందు 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమంగా ఉండేది. 1956 అంటే కర్నూలు రాజధాని హోదా పోగొట్టుకున్న ఏడాది. అది పోయిన సంగతి మావాళ్లు ఇప్పటికీ తలుచుకుని బాధపడతారు. ఈ నియమం వచ్చిన సంగతి మాత్రం ఎవరి చెవినా పడలేదు.

ఈ నిబంధనకు ఇంకో తోక కూడా ఉంది. ఈ పద్ధతి తప్పి చేసిన పనికి కరెంటు ఇవ్వకూడదట. అక్షరాలా అమలు చేశారంటే కొండారెడ్డి బురుజు చుట్టూ, కడప ఏడు రోడ్ల చుట్టూ ఈ రాత్రికి బుడ్డిదీపాలే గతి, కిరసనాయిలు దొరికితే. అయితే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి కొన్ని పనులను మినహాయించవచ్చని కూడా అక్కడే రాసి పెట్టారు. ఆ వాక్యం చూసే ఈ మహజరు రాసే ధైర్యం వచ్చింది. ఎలాగూ అనుభవిస్తున్న మినహాయింపును కాగితం మీద కూడా ఇప్పించమని ప్రార్థన.

మా దగ్గర కరెంటు పని చేసేవాళ్లకు కొదవ లేదు. బోరు మోటార్లు చుట్టేవాడు చేస్తాడు, డిష్ బిగించేవాడు చేస్తాడు, పెళ్లి పందిళ్లకు సీరియల్ లైట్లు కట్టేవాడు చేస్తాడు. టెస్టర్ జేబులో ఉంటుంది, వైరు తొడుగు పళ్లతో పీకుతాడు, మెయిన్ ఆపరా అంటే "ఏం కాదులేన్నా, రెండు నిమిషాల పని" అంటాడు. నిజం చెప్పాలంటే చాలామంది మంచి పనిమంతులు. నడినెత్తిన ఎండ మండుతుండగా మిద్దె మీద కూర్చుని, కాలిపోయిన సర్వీసు వైరు కొసలు విప్పి వాళ్లు అతికించే తీరు చూస్తే దండం పెట్టబుద్ధవుతుంది. పని రాకపోవడం కాదు వాళ్ల ఇబ్బంది. వాళ్లకు నేర్పిన మేనమామ ఎంతవరకు నేర్పాడో అక్కడే ఆగిపోతారు. ఆ మేనమామ ఎర్తు సంగతి నేర్పలేదు.

ఆ ఎర్తు గురించి కొంచెం వివరంగా మనవి చేసుకోవాలి. మా ఇళ్లలో ఏ గోడ చూసినా మూడు బొక్కల ప్లగ్గు పాయింట్లే. పైన పెద్ద బొక్క ఉంటుంది, పలక విప్పి చూస్తే దాని వెనక ఏ వైరూ ఉండదు. పచ్చ వైరు కొనడం దండగని ఇల్లు కట్టేనాడే మానేశారు. వైరున్న ఇళ్లలోనూ అది ఎంతదూరం పోయిందో ఎవరికీ తెలియదు. కొందరు తెలివైనవాళ్లు ఆ పెద్ద బొక్కను పక్కనున్న న్యూట్రల్‌కే కలిపేస్తారు. ఎప్పుడో ఒకనాడు బయట న్యూట్రల్ తెగితే ఇంట్లో ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, ఇనుప కూలరు అన్నిటి ఒంట్లోకి 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మా ఇళ్లలో ఆ కూలరే ప్రాణాధారం. ఇనుప డబ్బా, అడుగున నీళ్లు, కింద తడిసిన కడప బండ, వట్టికాళ్లతో నీళ్లు పొయ్యడానికి వచ్చిన ఇల్లాలు. ఆ కూలరు ప్లగ్గుకు లావు పిన్ను ఉండేది. రెండు బొక్కల ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడం లేదని కటింగ్ ప్లయరుతో విరిచేశారు.

పోనీ, నియమం ప్రకారం ఎర్తు గుంత తవ్వుదామా? రెండున్నర మీటర్ల ఇనుప పైపు నిలువునా దించాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు దట్టించాలి, ఎండాకాలం నీళ్లు పొయ్యాలి. బేతంచెర్లలోనో ఎర్రగుంట్లలోనో గడ్డపార వేసి చూడండి. రెండడుగుల్లో బండ తగిలే చోట్లు ఎన్నో. నల్లరేగడి ఉన్న చోట వానాకాలం తడిగా బాగానే ఉంటుంది, వేసవికి పర్రెలు బారి పైపు చుట్టూ ఖాళీ వస్తుంది. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం కాపలా కాసే వీధిలో ఎర్తు గుంతకు బిందెడు నీళ్లు ఎవరు పోస్తారు? మన్ను ఎండితే నిరోధం పెరుగుతుంది. 50 ఓమ్‌లు ఉందనుకోండి, కూలరు ఒంటికి ఫేజు తగిలినప్పుడు భూమిలోకి పోయేది అయిదు ఆంపియర్లు కూడా ఉండదు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు లోడే అనుకుంటుంది, పడదు. ఎంసీబీ పెట్టించాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే చాలు తెంచేసే ఆర్‌సీసీబీ. మా పొడినేలకు దానికి మించిన మందు లేదు. ఊరి ఎలక్ట్రికల్ షాపులో అడిగితే "ఊరికే పడిపోతాంటాదన్నా, మీకెందుకు తలనొప్పి" అన్నారు. లోపలి వైరింగులో ఎక్కడో లీకు ఉంది కాబట్టే పడిపోతుందని ఆయనకూ తెలుసేమో.

మీ చట్టం మా గడప తొక్కలేదని అనను. ఒక్కసారి వచ్చింది. కొత్త మీటరు కావాలంటే వైరింగు సక్రమంగా చేశామని, పరీక్షించామని లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకం చేసిన కాగితం పెట్టాలి. మా ఇంటికీ పెట్టాం. డబ్బులిస్తే వచ్చింది. ఎవరూ ఇల్లు చూడలేదు, వైరింగు పరీక్షించే మెగ్గర్ అనే పరికరం మా వీధిలో అడుగు పెట్టలేదు. వైర్లు లాగిన కుర్రాడు ఆ కాగితంలో ఎక్కడా లేడు. కాగితంలో ఉన్నాయన వైర్ల దగ్గర ఎక్కడా లేడు. ఇక మీటరు దాటాక లోపలేం జరిగినా బాధ్యత వినియోగదారుడిదే.

ఆస్ట్రేలియాలో ఉన్న మా మేనల్లుడు గోడ స్విచ్చు పాడైతే వారం చీకట్లో కూర్చుని, లైసెన్సున్న మనిషిని పిలిపించి మార్పించుకున్నాడు. అక్కడ స్విచ్చు కూడా సొంతంగా ముట్టుకోకూడదట. అది విని మావాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. దేశంలో ఏటా 12 వేల మందికి పైగా కరెంటుకు బలవుతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క చెప్తే మాత్రం ఎవరూ నవ్వలేదు. వాళ్లలో అందరూ ఇళ్లలో పోయినవాళ్లు కాదు, పొలాల్లో స్టార్టర్ల దగ్గర పోయినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతికి వేరే మహజరు కావాలి.

కరెంటు పుట్టించడంలో మేం ఎవరికీ తీసిపోలేదని కూడా గమనించ ప్రార్థన. శ్రీశైలం మాది, ఎర్రగుంట్ల పక్క థర్మల్ కేంద్రం మాది, గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలారు పార్కు మాది. ఇప్పుడు 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంతో మిద్దెల మీద కూడా పలకలు లేస్తున్నాయి. అక్కడ మాత్రం నమోదైన సంస్థే బిగించాలి, ఎర్తు ఉండాలి, తనిఖీ జరగాలి, లేకపోతే 78 వేల రూపాయల దాకా ఇచ్చే సబ్సిడీ రాదు. సబ్సిడీ ఉన్న మిద్దె మీద చట్టం ఉంది. మెట్లు దిగి ఇంట్లోకొస్తే లేదు.

కాబట్టి మినహాయింపు ఇవ్వండి. ఇవ్వడం కుదరదంటే, మేనమామ దగ్గర నేర్చుకున్న ఆ కుర్రాళ్లకు కర్నూల్లోనూ కడపలోనూ వారాంతాల్లో ఎర్తు సంగతి నేర్పించి, పరీక్ష పెట్టి, పర్మిట్లు ఇప్పించండి. వాళ్లు కాంట్రాక్టరు దగ్గర పనికి కుదురుకుంటారు, సంతకం పెట్టేవాడికి ఇల్లు చూడక తప్పదు. బిల్లు మీద రెండు ముక్కలు అచ్చేయించండి: ఏది మేం మార్చుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో. ఇన్నేళ్లలో ఆ జాబితా ఒక్కసారీ మా కంటపడలేదు. అది నాలుగు వాక్యాలకు మించదు, పైన రాసి చూశాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
గృహ కేటగిరీ వినియోగదారుడు

జతపరచినది: మా ఇంటి వైరింగు పరీక్షించినట్లు ధ్రువపత్రం నకలు, ఒకటి. అందులో ఎర్తు నిరోధం గడిలో "బాగుంది" అని రాసి ఉంది. ఎన్ని ఓమ్‌లో తెలియజేయ ప్రార్థన.