ఆకే కదా, ఏమవుతుంది!

మోండా మార్కెట్‌లో కూరలు కొనేవాళ్ల దగ్గర డ్రగ్ కంట్రోల్ అధికారులు ఓ ఆరు నెలలు శిష్యరికం చెయ్యాలి. తోక విరిచి చూడందే బెండకాయ సంచిలో పడదు. వంకాయని తిప్పి తిప్పి పుచ్చు వెతుకుతారు. కొత్తిమీర కట్ట విప్పించి, మధ్యలో గడ్డి దూర్చావని అమ్మే అక్కతో పోట్లాడి, కొసరుగా కరివేపాకు రెబ్బ పట్టుకొస్తారు. అంతటి వీరులూ నాలుగడుగులు వేసి మూలికల కొట్టు ముందు నిలబడగానే పసిపిల్లలైపోతారు. పేరూ తేదీ లేని పొట్లంలో ఏ పొడి కట్టిచ్చినా కళ్లకద్దుకుంటారు. షుగర్‌కి, మోకాళ్లకి, లివర్‌కి అన్నిటికీ అదే పొడి. సైడ్ ఎఫెక్టులుండవా అని అడిగితే, "ఆకే కదమ్మా!"

ఉమ్మెత్తదీ ఆకే. గన్నేరుదీ ఆకే.

కరోనా పుణ్యమా అని తిప్పతీగకి మహర్దశ పట్టింది. కంచెల మీద పాకేది కాస్తా వంటింట్లో కషాయమైంది. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య లివర్ దెబ్బతిని వచ్చిన ఆరుగురి గురించి ముంబై డాక్టర్లు కూపీ లాగితే, ఆరుగురూ తాగింది తిప్పతీగే. ఆ సంగతి పత్రికలకెక్కగానే 2021 జులైలో ఆయుష్ మంత్రిత్వ శాఖకి ఒళ్లు మండింది. రోగుల మీద జాలితో కాదు, తీగ మీద అభిమానంతో. ఇదంతా తప్పుదోవ పట్టించే రాత అంది. వాళ్లు తాగింది అసలు తిప్పతీగేనో కాదో తేల్చారా, దాన్ని పోలిన ఇంకో జాతి లివర్‌కి హాని చెయ్యొచ్చని తెలుసా అని గద్దించింది.

భేష్! పోలికలో మోసపోయే విషపు చుట్టం ఒకటుందని శాఖవారే సెలవిచ్చారు. మరి బజారులో కట్ట కట్టి అమ్ముతున్నది అక్కో చెల్లో చూడాల్సిందెవరు? కొత్తిమీర విప్పించిన ఆ అమ్మగారా?

ఆ తర్వాత దేశంలోని పలు ఆసుపత్రుల డాక్టర్లు కలిసి ఇలాంటి 43 మందిని లెక్కతేల్చి 2022లో అచ్చువేశారు. తాగడం మొదలెట్టాక లక్షణాలు బయటపడటానికి సుమారు 46 రోజులు. నెలన్నర కిందటి కషాయం ఎవరికి గుర్తుంటుంది? తాగిన అందరికీ ఇలా అవుతుందని వాళ్లనలేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ముందే తేడాగా ఉన్న కొందరిలో తీగ దాన్ని ఎగదోస్తోందని వాళ్ల అనుమానం. ఇమ్యూనిటీ పెంచుతుందన్న ప్రచారం నిజమే కాబోలు, పెరిగింది పోయి సొంత లివర్ మీదే పడింది.

దాపరికానికి పేరుమోసిన చైనా కూడా ఈ విషయంలో మనకన్నా నయం. మందుల వల్ల లివర్ చెడి 2012-14 మధ్య ఆసుపత్రుల్లో చేరిన 25,927 కేసులు తిరగేసి, నూటికి దాదాపు 27 సంప్రదాయ మందులు, మూలికలు, సప్లిమెంట్ల ఖాతాలోవేనని అక్కడి డాక్టర్లే 2019లో ప్రకటించారు. వేల ఏళ్ల వైద్యం పరువేం కాను అని గుండెలు బాదుకోలేదు. మన దగ్గరా ఇంగ్లిషు మందుకి ఆ మర్యాద ఉంది. టీబీ మాత్రలు లివర్‌ని దెబ్బతీయొచ్చని రాసిచ్చే డాక్టరే చెబుతాడు, రక్తపరీక్షా రాస్తాడు. ప్రాచీన గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు నూరిన చాలా మందులకి మాత్రం కొత్తగా భద్రతా పరీక్ష అక్కర్లేదని మన నిబంధన. లివర్‌కి సంస్కృతం రాకపోవడమే లోపం. ఆయుర్వేద ప్రకటనలకి ముందస్తు అనుమతి ఉండాలని 2018లో పెట్టిన రూలుని 2024లో కేంద్రమే తీసేసింది. పెట్టినప్పుడు భయపడ్డవాడు లేడు గానీ, తీసేసినప్పుడు మాత్రం పండగ చేసుకున్నవాళ్లున్నారు.

కళ్లు పచ్చబడ్డాక డాక్టరు అడుగుతాడు, ఏవైనా మందులు వాడుతున్నారా అని. "అబ్బే, ఏం లేవు సార్." పక్కనున్న ఆయన సర్దుతాడు: "కషాయం తాగుతోంది గానీ, అది మందు కాదులెండి." అడ్మిట్ అవ్వమంటే ఇద్దరూ ముఖాలు చూసుకుని, మెల్లిగా బయటికి జారుకుంటారు. కామెర్లకి ఇంగ్లిషు వైద్యం పనికిరాదని ఎవరో చెప్పారట. రేపు తెల్లవారుజామునే పరగడుపున పసరు పోయిస్తారు.