వైను బావగారు

ఫ్రీమాంట్, శానోజే చుట్టుపక్కల తెలుగు బంధువర్గం ప్రతిదానికీ ఒక వైను బావగారు ఉంటాడు. ఒకప్పుడు హెచ్-వన్ వీసా మీద ఆవకాయ సీసాలతో దిగినవాడే. గ్రీన్ కార్డు వచ్చాక, ఇల్లు కొన్నాక, కారెక్కితే నాపా లోయ ఎంతో దూరం లేదన్న సంగతి ఆయనకు తెలిసింది. అప్పట్నుంచి మన దసరా భోజనాలు కూడా ఆ లోయలోనే.

రెస్టారెంటులో కూర్చోగానే మెనూ మనవైపు తోసి, వైన్ల జాబితా తనవైపు లాక్కుంటాడు. పెళ్లి సంబంధం చూసినట్టు చూస్తాడు దాన్ని: ఊరు, వంశం, పుట్టిన సంవత్సరం. ధర చూసి గుటకలు మింగే పని మనది. చివరికి 1990ల నాటి కాబర్నే సావిన్యో ఒకటి కుదురుతుంది.

వైను వడ్డించే సొమెలియే అమ్మాయి పాత బిరడాను విరగకుండా ఊడదీసి, మడ్డి అడుగునే నిలిచేలా సీసాను మెల్లగా వంచి, డికాంటర్‌లోకి వంపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రంగూ టానిన్లూ కలిసి బరువెక్కి అడుగుకు దిగుతాయి. అందుకే పాత వైనుకు వగరు తగ్గుతుంది, ఊదారంగు ఇటుకరంగుకు తిరుగుతుంది. ఇదంతా ఆ అమ్మాయికే వివరిస్తాడు బావగారు. పాపం, ఆ పిల్ల నవ్వుతూ వింటుంది.

తర్వాత ఆయన గ్లాసులో గుక్కెడు పోస్తుంది. సీసా చెడిందేమో చూసుకోమని, అంతే. బిరడా నుంచి టిసిఎ అనే రసాయనం సోకితే తడిసి ముక్కిన అట్టపెట్టె వాసన కొడుతుంది, కొట్టకపోతే తలూపాలి. క్షణంలో తేలే వ్యవహారం. బావగారు గ్లాసు వంచుతాడు, తిప్పుతాడు, ముక్కు దూరుస్తాడు, కళ్లు మూస్తాడు. ఆకలేస్తోందని పిల్లలు గునిస్తే, “ష్, వైను మాట్లాడుతోంది” అంటాడు.

“దేవదారు... పెన్సిలు చెక్కిన పొట్టు... పొగాకు... పాత తోలు...”

“మీ తాతగారి కరణీకం పెట్టె వాసనేగా అది! దానికి నాలుగొందల డాలర్లా?” అంటుంది అక్కయ్య.

జవాబుగా 1976 పారిస్ పోటీ కథ మొదలవుతుంది. లేబుళ్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే నాపావారి స్టాగ్స్ లీప్ 1973 కాబర్నేకు ఎర్రవైన్లలో మొదటి స్థానం ఇచ్చారు. బావగారు పక్కన నిలబడి చూసినట్టే చెబుతాడు. అప్పటికి ఆయన నరసరావుపేటలో నిక్కరు జారకుండా పట్టుకుని బడికెళుతున్నాడు.

బోర్డోలో 54 మంది వైను విద్యార్థులకు తెల్లవైనులో ఎర్రరంగు కలిపి ఇస్తే ఎర్రవైను మాటల్లోనే వర్ణించారని, 2001లో వచ్చిన పరిశోధన సంగతి ఎవరైనా ఎత్తితే, “స్టూడెంట్లోయ్ వాళ్లు!” అని కొట్టిపారేస్తాడు.

పాత వైనుకు గాలి ఎక్కువసేపు తగిలితే పరిమళం పలచబడుతుంది. ఆయన ఉపన్యాసం ముగిసేసరికి వర్ణించిన వాసనల్లో సగం సెలవు తీసుకుని ఉంటాయి. మిగిలిందే చాలా బాగుంటుంది, ఒప్పుకోవాలి. బావగారికి మాత్రం స్టేకు చప్పగా తోస్తుంది. అక్కయ్య చేతిసంచిలోంచి పల్లీకారం పొట్లం బయటికొస్తుంది. ఆ మంట తగిలిన నాలుకతో, “ఫినిష్ చూశావా, ఎంతసేపు నిలిచిందో!” అంటాడు.

బిల్లొస్తుంది. “మనలో మనకు లెక్కలేమిటోయ్, తలా ఇంతని వేసేద్దాం” అంటూ ఫోను తీస్తాడు. ఆ తలల్లో నిమ్మసోడా తాగిన మా చిన్నదాని తల కూడా ఉంటుంది.