అపరిచితుల మాటకు ప్రమాణ ముద్ర: పామిడి నుంచి ఒక విన్నపం

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,
భారత ప్రమాణాల సంస్థ, మానక్ భవన్, న్యూఢిల్లీ.

విషయం: పుస్తకాలు, సినిమాలు, నిత్యజీవితపు చికాకుల గురించి అంతర్జాలంలో అపరిచితులు ఇచ్చే సలహాలకు నాణ్యతా ప్రమాణం నిర్ణయించవలసిందిగా కోరుట.

సూచిక: తమ సంస్థ 2022 నవంబరులో వెలువరించిన ఐఎస్ 19000:2022.

ఆర్యా,

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే అనంతపురం సీమలో, పెన్న ఒడ్డున ఉన్న పామిడి పట్టణం తమ సంస్థకు ఎంత రుణపడి ఉన్నదో ముందుగా మనవి చేయడం న్యాయం. బోరులోకి దించే సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకు ఐఎస్ 8034, నీటి సరఫరాకు వాడే పీవీసీ పైపుకు ఐఎస్ 4985, కొనుక్కొని తాగే సీసా నీటికి ఐఎస్ 14543 అంటూ తమరు వేర్వేరు ప్రమాణాలు నిర్ణయించినందువల్ల, నీరు పడినా పడకపోయినా నీటి సామాను మాత్రం నికరమైనదే దొరుకుతున్నది. అయితే ఆ బోరు ఎక్కడ వేయాలి, మోటారు ఎన్ని అడుగుల లోతున దించాలి అన్న సలహాకు ఇంతవరకు ఏ ముద్రా లేదు; రైతును అప్పులపాలు చేసేది పైపు కన్నా ఎక్కువగా సలహాయే అయినప్పటికీ, పైపుకు ఉన్న పూచీ సలహాకు లేకపోవడం ఈ విన్నపానికి మూలకారణం.

ఊరిలో అభిప్రాయాలకు కొరత ఉన్నదని దీని అర్థం కాదు. పెన్న ఎండిన ఏళ్లలో కూడా అవి ఎండలేదు. ఇబ్బంది ఏమంటే, ఊరిలో పుట్టిన ప్రతి అభిప్రాయానికీ ఒక చుట్టరికం ఉంటుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి బోరు పాయింటు చూసే ఆసామి అన్నకు తెలిసినవాడు, బోరు బండి యజమాని బావమరిదికి స్నేహితుడు, సినిమా బాగుందని చెప్పేవాడు హీరో అభిమాన సంఘంలో సభ్యుడు. పామిడి బట్టల వ్యాపారానికి పేరున్న ఊరు గనుక, ఈ రంగు నప్పుతుందా అని అంగడివానినే అడిగితే ఏ జవాబు వస్తుందో ఇక్కడివారికి ఎవరూ నేర్పనక్కరలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1908లో అపరిచితుని గురించి రాసిన వ్యాసంలో, ఊరి కక్షలలోనూ కట్టుబాట్లలోనూ వేళ్లు లేనివాడు కాబట్టే అతనికి నిష్పాక్షికత అబ్బుతుందనీ, దగ్గరివారికి చెప్పుకోలేని సంగతులు కూడా జనం అతనికి చెప్పుకొంటారనీ ప్రతిపాదించాడు. పామిడిలోని కుర్రవాడు ఫోను తెరిచి ముక్కూమొహం తెలియనివారిని అడగడంలోని తర్కం కూడా ఇదే.

ఈ అలవాటు ఫోనుతో పుట్టినది కాదు. 1691లో లండన్‌లో జాన్ డంటన్ అనే ప్రచురణకర్త, పాఠకులు పేరు చెప్పకుండా పంపిన ప్రశ్నలకు జవాబులు అచ్చువేయడానికే ‘ఎథీనియన్ మెర్క్యురీ’ అనే పత్రికను ప్రారంభించాడు. తెలుగులో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు నడిపిన ‘ప్రమదావనం’ శీర్షిక ఆ పనినే ఇంటింటికీ చేరువ చేసింది. వంటింటి సందేహం మొదలుకొని అత్తింటి బాధ దాకా, మొగుడికి చెప్పుకోలేనిది కూడా ఉత్తరంలో మద్రాసుకు చేరేది. ఆ వారపత్రికకు సంపాదకత్వం వహించిన విద్వాన్ విశ్వం ఇదే జిల్లాలోని తరిమెలలో పుట్టినవాడు కావడం వల్ల, ఈ వ్యవహారంలో పెన్నేటి సీమకు కొంత వాటా ఉన్నదని చెప్పుకోవడం అతిశయోక్తి కాబోదు.

‘ప్రమదావనం’ పద్ధతిలో గమనించవలసిన నియమం ఒకటి ఉన్నది. అడిగేవారు మరుగున ఉండేవారు, చెప్పేవారు వెలుగులో ఉండేవారు. మాలతీ చందూర్ తప్పు చెబితే పై వారం కూడా అదే పేరుతో, అదే పుటలో పాఠకులకు ముఖం చూపించవలసి వచ్చేది. అడిగిన ఇల్లాలి ఊరు మాత్రం పక్కింటికి కూడా తెలియనవసరం లేదు. నేటి పద్ధతిలో ఈ నియమం తలకిందులైంది. అడిగేవాని ఫోను నంబరు, ఊరు, అతడు క్రితం రాత్రి ఏ వస్తువు కోసం వెదికాడన్నది సైతం వ్యాపార సంస్థల లెక్కల్లోకి చేరుతుండగా, చెప్పేవాడు పులిబొమ్మ వెనుకనో హీరో ఫొటో వెనుకనో సురక్షితంగా ఉంటున్నాడు.

ఈ స్థితిని తమ సంస్థ గుర్తించలేదని ఎవరూ అనలేరు. అంతర్జాలంలో వినియోగదారులు రాసే సమీక్షలను, అనగా వస్తువు మీదనో సేవ మీదనో తెలిపే అభిప్రాయాలను, ఎలా సేకరించాలి, ఎలా వడపోయాలి, ఎలా ప్రచురించాలి అన్నది ఐఎస్ 19000 నిర్దేశిస్తున్నది. నిజాయితీ, కచ్చితత్వం, గోప్యత, భద్రత, పారదర్శకత, అందుబాటు, స్పందన అనే ఏడు సూత్రాలను అది పేర్కొంటున్నది. సమీక్షకుడు నిజమైన మనిషేనా అన్నది ఈమెయిలు ద్వారానో, ఫోను ద్వారానో, ఎస్సెమ్మెస్ ద్వారానో సరిచూడవచ్చునంటున్నది. పాటించడం స్వచ్ఛందమంటూ వెలువడిన ఈ ప్రమాణం మిక్సీ, చెప్పులు, హోటలు గది వంటివాటికి చక్కగా అతుకుతుంది. చిక్కు వచ్చేది సినిమా, పుస్తకం, చికాకు అనే మూడింటి దగ్గర.

సినిమా విషయంలో, రాసినవాడు మనిషేనని తేలినంత మాత్రాన అతడు సినిమా చూసినవాడని తేలదు. ఉదయం ఆట తెర లేవకముందే పదికి పదీ, పదికి సున్నా కూడా పడిపోతున్న కాలమిది. 2023 అక్టోబరులో ఒక దర్శకుని ఫిర్యాదుపై కొచ్చి పోలీసులు సమీక్షకుల మీద కేసు పెట్టారు. కేరళ హైకోర్టుకు సహాయకునిగా నియమితుడైన న్యాయవాది 2024 మార్చిలో, సినిమా విడుదలైన 48 గంటల దాకా సమీక్షలు ఆపితే మంచిదని నివేదించారు. తెలుగు అభిమానికి 48 గంటలు నోరు కట్టేయడమన్నది ఏ ప్రయోగశాలలోనూ పరీక్షించని పదార్థ ధర్మం కనుక, తమరు ముందుగా దానిని పరీక్షించవలసి ఉంటుంది.

పుస్తకం గతి దీనికి వ్యతిరేకం. దాని గురించి అడిగితే సమాధానం రావడమే అరుదు, వచ్చినదానిలోనూ అట్ట నలిగిందని, పార్సెలు ఆలస్యమైందని ఒక్క నక్షత్రం ఇచ్చినవారే కనిపిస్తారు. కచ్చితత్వం అనే సూత్రం ప్రకారం ఆ మాట నిజమే, అట్ట నలిగింది. పుస్తకం గురించి మాత్రం అందులో ఏమీ లేదు.

ఇక చికాకుల సంగతి. లో వోల్టేజికి మోటారు మాటిమాటికీ కాలిపోతున్నదని పామిడి రైతు మొర పెట్టుకొంటే, ఒకరు స్టెబిలైజరు పెట్టమంటారు, ఒకరు వాస్తు చూపించమంటారు, సముద్రాలకు అవతల ఉన్న మూడోవారు పొలం అమ్మి బెంగళూరు వెళ్లమంటారు. ముగ్గురికీ గుర్తింపు పొందిన ఫోను నంబర్లు ఉంటాయి కాబట్టి, ప్రస్తుత ప్రమాణం ప్రకారం మూడూ నికార్సైన అభిప్రాయాలే.

కావున తమ సంస్థ ఈ క్రింది సవరణలను పరిశీలించవలసిందిగా ప్రార్థన. మొదటిది, ప్రతి సలహా మీద అది పుట్టిన చోటును ముద్రించాలి. కాలువ కింద మూడు కార్లు పండే ఊరివాడు బోరు గురించి చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలో చదివేవారికి అప్పుడు తెలుస్తుంది. రెండవది, సలహా వల్ల చెప్పేవానికి కలిగే లాభం గానీ, అభిమానం గానీ ముందుగా ప్రకటించాలి. మూడవది, సలహా విని నష్టపోయినవాడు తిరిగి వచ్చి ఫలితం చెప్పుకొనే చోటు ఆ సలహా కిందనే ఉండాలి, చెప్పినవాడు దానిని చెరపగల వీలు ఉండరాదు. నాలుగవది, ‘నాకు తెలియదు’ అన్న సమాధానాన్ని ప్రథమ శ్రేణి సమాధానంగా గుర్తించి దానికి ముద్ర వేయాలి. ఊరిలోనూ అంతర్జాలంలోనూ అన్నిటికన్నా కరువైన సరుకు అదే.

చివరిది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎంత కఠినమైన ప్రమాణం రాసినా అది చెప్పేవారికే వర్తించాలి గాని అడిగేవారికి వర్తించరాదు. అడిగేవారిని కూడా నంబరుతో సహా సరిచూడడం మొదలైతే, పామిడిలో సినిమా గురించి, మోటారు గురించి అడిగేవారు మిగులుతారు. అత్తింటి బాధ గురించి, తీరని అప్పు గురించి అడిగేవారు మిగలరు. అపరిచితుని అవసరం ఎక్కువగా ఉన్నది వారికే.

ఇట్లు,
పామిడిలో అడగదలచుకొన్నవారి పక్షాన,
పేరు ప్రకటించవలసిన బాధ్యత లేని ఒక విన్నపదారు.