పథ్యం పిల్లికి, కాపలా నాకు

శ్రీ సింహాద్రి అప్పన్న స్వామి వారి సముఖానికి, కొండ దిగువన అడవివరంలో కాపురముంటూ, ఉక్కు కర్మాగారంలో మూడు షిఫ్టులూ చేసి రిటైరైన ఒక గృహస్థు సమర్పించుకునే ఫిర్యాదు.

స్వామీ, మొదటే ఒక సందేహం మనవి చేసుకుంటాను. ఇందులో ప్రతివాది పిల్లి. తమరి పేరులోనే సింహం ఉంది. బంధువు మీద కేసు తీసుకెళ్లి బంధువు దగ్గరే వేసినవాడికి న్యాయం ఏపాటి జరుగుతుందో నాకు తెలియనిది కాదు. అయితే చందనం ఒలిచిన నిజరూపంలో తమరిది వరాహ ముఖం, మనిషి దేహం అనీ, సింహం వాటా తోక వరకేననీ పెద్దలు చెబుతారు కనక, ఆ తోక ఒక్కటీ విచారణకి అడ్డు రాదనే ధైర్యంతో ముందుకొస్తున్నాను.

ప్రతివాది పేరు సంపెంగ. తమరి కొండ మీద పూసే పువ్వు పేరు పెట్టుకుందే గాని ఆ పువ్వు గుణం ఒక్కటీ లేదు. గోశాల దగ్గర వానలో తడుస్తుంటే మా అమ్మాయి చున్నీలో చుట్టి తెచ్చింది. ఆ తరవాత పెళ్లయి బెంగళూరు వెళ్తూ తీసుకెళ్లదగ్గవన్నీ తీసుకెళ్లింది, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెతో సహా. పిల్లిని మాత్రం "నాన్నకి తోడుగా ఉంటుందిలే" అని వదిలేసింది. నాకు తోడు కావాలని నేను ఎవరికి అర్జీ పెట్టుకున్నానో ఇప్పటికీ తేలలేదు.

పిల్లి కడుపంటే రెండు నెలల వ్యవహారం. ఏడాదికి రెండు మూడు ఈతలైనా ఈనగలదు. మొదటి ఈత పిల్లల్ని వీధిలో పంచేసరికి మా ఆవిడ పలుకుబడి సగం అయిపోయింది. రెండో ఈతకి మిగతా సగం కూడా అయిపోయి, మేం బుట్ట పట్టుకుని బయల్దేరితే జనం తలుపులు వేసుకోవడం మొదలెట్టారు. పైగా మళ్లీ ఎదకొచ్చిన రోజుల్లో ప్రహరీ మీద గండుపిల్లుల కచేరీ. ఇక లాభం లేదని, గర్భసంచీ అండాశయాలూ తీయించేయాలని బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో తీర్మానమైంది. ఓటింగుకి నన్ను పిలవలేదు.

ఈ సంగతి వీధిలో తెలిసి, అనాసపళ్లు అమ్మే ఆమె గంప దించి మరీ ఆశ్చర్యపోయింది. "పిల్లికి ఆపరేసనేటి బాబూ! మా మరిదిని సేయించుకోమంటే ఊరొగ్గేసి పారిపోనాడు" అంది. పారిపోయే అవకాశం సంపెంగకి లేదు, దాన్ని మోసుకెళ్లేవాడికి అంతకన్నా లేదు.

ముందు రాత్రి నుంచి దానికి తిండి పెట్టకూడదన్నారు. మత్తులో ఉండగా వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందట. న్యాయమే. కానీ నోరు లేని జీవాన్ని పస్తు పెట్టి దాని ఎదుట తింటే ఉసురు తగులుతుందని మా ఆవిడ ఆ రాత్రి పొయ్యే వెలిగించలేదు. మత్తుమందు దానికీ, లంఖణం నాకూ. తెల్లవారి ఆటో ఎక్కితే డ్రైవరు నా ఒళ్లో బుట్ట చూసి, "పిల్లి ఎదురొస్తే బండాపుతాం గానీ బాబూ, పిల్లే బండెక్కిపోతే ఏటి సెయ్యాల?" అన్నాడు. శకున శాస్త్రంలో దీనికి జవాబు లేదు. మీటరు మీద ఇంకో యాభై వేసుకోవడమే జవాబని అతను తేల్చాడు.

సాయంత్రం ఇంటికి తెచ్చాక మొదలైంది అసలు కాపురం. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. కంటి మూల నుంచి తెల్లటి పొర ఒకటి సగం గుడ్డు దాకా జరిగి ఉంది. మా ఆవిడ గొల్లుమంది. మత్తు దిగేదాకా అలాగే ఉంటుందనీ, ఆ పొర పిల్లులకి ఉండే మూడో రెప్పేననీ డాక్టరు ముందే చెప్పారు. నేను గుర్తు చేశాను. గుర్తు చేసినందుకు నాది రాతిగుండె అయింది. మత్తు దిగేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది, వెచ్చగా ఉంచమన్నారు కదా అని ఫ్యాను ఆపేశారు. ఆషాఢమాసం విశాఖ ఉక్కపోతలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసినవాడికి చెప్పనక్కర్లేదు. కప్పడానికి మెత్తటి గుడ్డ కావాలంటే మా ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ మాయమై, రిటైర్మెంటు నాడు తోటివాళ్లు నాకు కప్పిన శాలువా ఒక్కటే దొరికింది. సంపెంగ దాని మీద వాంతి చేసుకుంది. నా ముప్ఫై ఏళ్ల సర్వీసు మీద ఇంత సూటిగా అభిప్రాయం చెప్పినవారు ఇంకెవరూ లేరు.

అర్ధరాత్రి మా ఆవిడ దాని చెవులు ముట్టుకుని జ్వరమంది. డాక్టరుకి ఫోను. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుందనీ, నిద్రపొమ్మనీ ఆయన చెప్పారు. మనిషికి సిక్ లీవు సంపాదించి పెట్టే జ్వరం పిల్లికి ఆరోగ్యమన్నమాట.

ఈ సందర్భంలో నా హెర్నియా ఆపరేషను ప్రస్తావించక తప్పదు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే "పడుకుంటే ఇంకా పడుకోవాలనే ఉంటుంది, లేచి ఆ నీళ్ల మోటారు వెయ్యండి" అన్న ఇల్లాలు ఈవిడే. నేను మూలిగితే నాటకం. పిల్లి మూలగదు, నొప్పిని దాచుకుంటుంది. అందుకే అది మూలగనప్పుడల్లా ఇల్లంతా ఆందోళన. వీపు గూనిగా పెట్టి కూర్చుందా, కళ్లు చికిలిస్తోందా, చీకటి మూలకి పోయి దాక్కుందా, ముట్టుకుంటే ఉరుముతోందా అని గమనిస్తూ ఉండాలట. పోనీ గుర్రుగుర్రుమంటే సంతోషమనుకుందామా అంటే అదీ లేదు, నొప్పిలోనూ గుర్రుమంటుందట. ఏం చేసినా నొప్పికే లెక్క వేసే ఈ సౌకర్యం నాకు ఆనాడు ఎందుకు లేకపోయిందని అడుగుతున్నాను.

నొప్పికి నా మందుల డబ్బా తీశాను. పారాసెటమాల్ పేరెత్తగానే ఫోనులో డాక్టరు గొంతు మారిపోయింది. మన కాలేయం ఆ మాత్రని విరిచి బయటికి పంపే దారి పిల్లి కాలేయంలో దాదాపు లేదట. అది విషమై, రక్తానికి ప్రాణవాయువుని మోసే శక్తినే పోగొడుతుంది. ఒక్క మాత్ర చాలు, పిల్లి దక్కదు. మనిషికి వాడే నొప్పి మాత్రలేవీ దగ్గరికి రానివ్వద్దన్నారు. నీళ్లలో పోస్తే తెల్లబడే యాంటీసెప్టిక్ మందూ వద్దన్నారు. పోనీ తాతల నాటి పసుపు? పెట్టారా నాకుతుంది, నాకిందా కుట్టు ఊడుతుంది, గాయానికి ఏమీ పూయకండి అన్నారు. పాలు? చాలా పిల్లులకి ఎదిగాక పాలు అరగవు, విరేచనాలవుతాయన్నారు. తెనాలి రామకృష్ణుడు పిల్లికి పాల మీద విరక్తి పుట్టించడానికి మరగకాచి పోశాడని చెప్పుకుంటాం. ఈయన ఒక్క ఫోను కాలుతో ఆ పని చేసేశారు. నా వైద్యమంతా కొట్టివేశాక మిగిలింది ఆయనే తూకం చూసి రాసిచ్చిన చుక్కల మందు. సూది తీసేసిన సిరంజితో పక్క దవడలోంచి పోయాలి. తువాల్లో చుట్టి పట్టుకోవడం నా వంతు, పోయడం ఆవిడ వంతు. చేదు తగలగానే సంపెంగ నురగలు కక్కింది. మందు కడుపులోకి ఎంత పోయిందో, నా చొక్కా మీదికి ఎంత పోయిందో చొక్కాకే తెలియాలి.

పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు సభ పెట్టుకుని తేల్చుకోలేకపోయాయట. ఆ ఎలుకలు నా ఇంటికొచ్చి చూడాలి. గంట కాదు, నా భోజనం కంచమంత ప్లాస్టిక్ కాలరు కట్టాను, గోళ్ల గుర్తులు ఇప్పటికీ సాక్ష్యం. దాని నాలుక మీద ముళ్లుంటాయి, కుట్లు రెండు నిమిషాల్లో లాగేస్తుంది కనక కుట్లు తీసేదాకా, అంటే పది పద్నాలుగు రోజులు, అది ఉండి తీరాలి. ఆ కాలరుకి పేరు ఇంగ్లండు రాణి ఒకటో ఎలిజబెత్తు పేరేనట. పదహారో శతాబ్దంలో ఆవిడా ఆవిడ దర్బారు వాళ్లూ మెడకి అలాంటి కుచ్చు పట్టీలు కట్టుకునేవారు. మాకు ఈ వివరం చెప్పకుండా ఉండాల్సింది. చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో దర్బారు నడుస్తోంది.

రాణిగారి వంటకం చేపలు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ప్రతివాది ముహూర్తబలం, ఆపరేషను ఆషాఢంలో పడింది. హార్బరు నుంచి కానాగంతలు తెప్పించి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి, వాసన లేచేలా గోరువెచ్చగా చేసి, కాలరు తగలకుండా పళ్లెంలో పరిచి పెట్టాలి. ఉల్లీ వెల్లుల్లీ తగలకూడదు, పిల్లి రక్తకణాలని అవి పాడుచేస్తాయి. చేప తింటూ ఇంత మడి పాటించే ప్రాణిని తమరి సన్నిధిలో కూడా చూడలేదు స్వామీ. శనివారం తమరి పేరు చెప్పి నాకు నీచు బంద్. నేను చారు కలుపుకుంటుంటే పక్కన కానాగంత వాసన. అదైనా తిని ఊరుకుంటుందా, మూతి తిప్పుకుంటుంది. ఒక రోజంతా ముట్టకపోతే ఫోను చేయమన్నారు. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి రావచ్చట. నేను పస్తుంటే మా ఆవిడ లెక్కలో అది ఏకాదశి.

మలమూత్రాల పెట్టెలో ఇసుక వేస్తే దుమ్ము గాయానికి అంటుతుంది, కాగితం ముక్కలు వేయమన్నారు. మా ఇంట్లో కాగితమంటే నా పేపరు. నేను చదివాక కాదు, ముందే. రాజకీయాలన్నీ ఇప్పుడు నాకు పెట్టె శుభ్రం చేసేటప్పుడే, ముక్కలుగా తెలుస్తున్నాయి. నష్టమేమీ అనిపించడం లేదు, అది వేరే సంగతి.

తమరి నిజరూపం ఏడాదికి ఒక్కరోజు, వైశాఖ శుద్ధ తదియ నాడు, క్యూలో నలిగితే గాని కనపడదు. మా సంపెంగ నిజరూప దర్శనం రోజుకి రెండు పూటలు. బొచ్చు గీసేసిన ఆ గులాబీ పొట్టని వెల్లకిలా తిప్పి, టార్చి వేసి, కుట్టు దగ్గర ఎరుపుందా, వాచిందా, చీము గాని వాసన గాని ఉందా, అంచులు విడిపోయాయా అని చూడాలి. ఆవిడ చూస్తుంది, నేను టార్చి పడతాను, ఫోనులో బెంగళూరు చూస్తుంది. మా అల్లుడు కూడా తొంగిచూసి "బావుంది మామయ్యా" అంటాడు. నా హెర్నియా కుట్లు అతను చూస్తానని అడగలేదు.

ఇంతకీ అసలు ఫిర్యాదు ఆషాఢ శుద్ధ చతుర్దశి రాత్రిది. గిరి ప్రదక్షిణ. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి ఊళ్లకి ఊళ్లు బయల్దేరాయి. ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, మాధవధార మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. మా ఆవిడ కూడా పక్కింటి అప్పలతో కలిసి వెళ్లింది. వెళ్తూ నాకు చార్జి అప్పగించింది: "ఎగరనివ్వకండి, లోపలి కుట్లు తెగుతాయట." మంచం అప్పటికే గోడకి నిలబెట్టేశాం. కిటికీ గట్టు మీద ఎక్కకుండా నా పుస్తకాలు పేర్చాం. గదిలో నేను, రాణిగారు, ఒక చాప. గోదావరి అని పేరు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసు పక్కన సి షిఫ్టు చేసినవాణ్ణి, రాత్రి మెలకువ నాకు కొత్త కాదు. కానీ ఫర్నేసు ఉన్నచోటే ఉంటుంది. సంపెంగ ఆ కాలరు నుంచి తప్పించుకుందామని వెనక్కి అడుగులు వేయడం మొదలెట్టింది. వెనక్కి, వెనక్కి, గోడ తగిలితే పక్కకి, మళ్లీ వెనక్కి. బయట రోడ్డు మీద గోవింద నామాలతో లక్షల జనం కొండకి ప్రదక్షిణం చేస్తుంటే, గదిలో పిల్లి ఒక్కతీ అప్రదక్షిణం చేస్తూ, అది ఎక్కడ ఎగురుతుందోనని చేతులు చాపి దాని వెనక నేను. ఆ దూరం మొత్తం ఎంతైందో కొలిచినవారు లేరు గాని, నా మోకాళ్లు మాధవధార దాటాయని ఘంటాపథంగా చెబుతున్నాయి. ఈ నడక పుణ్యం ఖాతాలో రాస్తారో, దిక్కు తిరగేసి తిరిగినందుకు పాపం ఖాతాలో రాస్తారో తేల్చవలసిందిగా ప్రార్థన.

తెల్లవారాక మా ఆవిడ వాచిన పాదాలతో వచ్చింది. సరాసరి పిల్లి దగ్గరికి వెళ్లి పొట్ట చూసి, చాప మీద కూలబడి ఉన్న నన్ను చూసి, "మీరు హాయిగా పడుకున్నట్టున్నారు" అంది.

కుట్లు తీసిన రోజు కాలరు ఊడదీయగానే సంపెంగ గంటసేపు ఒళ్లంతా నాక్కుని, ఒక్క గెంతులో అటక ఎక్కింది. అక్కడి నుంచి నన్ను చూసిన చూపులో కృతజ్ఞత మాత్రం లేదు. ఆసుపత్రిలో కాంపౌండరు ఊరుకోక, మగపిల్లికైతే ఇంత తతంగం లేదనీ, పొట్ట కోయనక్కర్లేదనీ, నాలుగు నిమిషాల పనేననీ, ప్రహరీ మీద తిరిగే ఆ గండుపిల్లిని కూడా పట్టి తెమ్మనీ మా ఆవిడకి బోధించాడు. కనక, స్వామి వారి సాక్షిగా అందరికీ తెలియజేయడమేమనగా, ఆ పసుప్పచ్చ గండుపిల్లికీ మా ఇంటికీ ఏ సంబంధమూ లేదు. అది మా గోడ మీద పడుకుంటుంది గాని మాది కాదు. దానికి మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. నిన్న పెరట్లో "గంధం, గంధం, రా అమ్మా" అని ఎవరినో పిలవడం నా చెవిన పడింది గాని, అది పూజ గదిలోకి చందనం కావాలని అడగడమేనని మా ఆవిడ చెబుతోంది.