మడి కట్టుకున్న వారంటీ

అమెరికాలోని స్పోర్ట్స్ కార్ల సర్వీసు కౌంటర్లలో ఒక సిద్ధాంతం తరచుగా వినిపిస్తుంది: కంపెనీ బిగించిన స్ప్రింగులు తీసి బయటివి వేయించుకుంటే కారుకు వారంటీ మొత్తంగా రద్దవుతుందట. స్ప్రింగు ఉండేది చక్రం పక్కన, మొరాయించినది తలుపు అద్దాన్ని పైకెత్తే మోటారు. ఈ రెంటికీ సంబంధమేమిటని అడిగినవాడికి దొరికే సమాధానంలో యంత్రశాస్త్రం కంటే మడి ఆచారమే ఎక్కువ. పరాయి ఇనుము ఒక్కచోట తగిలితే చాలు, బండి ఆపాదమస్తకం మైలపడుతుంది, ఆ మైలకు శుద్ధి కూడా అదే కౌంటరులో, పూర్తి ధరకు, దొరుకుతుంది.

ఈ ఆచారాన్ని ఆ దేశపు చట్టం ఒప్పుకోదు. ఫలానా బ్రాండు విడిభాగాలే వాడాలన్న షరతు పెట్టదలచిన కంపెనీ వాటిని ఉచితంగా ఇవ్వాలని, లేకుంటే వారంటీని ఆ షరతుకు ముడిపెట్టరాదని 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం చెబుతుంది. బయటి భాగం వల్లనే నష్టం జరిగిందని చూపవలసిన బాధ్యత వారంటీ ఇచ్చినవారిది. అమలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కార్లు, ఫోన్లు, వీడియో గేమ్ యంత్రాలు అమ్మే ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. 2022లో హార్లీ-డేవిడ్‌సన్ చేత, బయటి భాగాలు వాడినంత మాత్రాన వారంటీ పోదని వారంటీ పత్రంలోనే రాయించింది. అర్ధశతాబ్దం గడచినా వార్త కౌంటరు దాకా చేరలేదంటే, ఆ దారిలో గుంతలు బాగా ఎక్కువై ఉండాలి.

కౌంటరు మాట ఒక్కొక్కప్పుడు నిజమే అవుతుంది. ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు వేస్తే, చక్రపు ఊగిసలాటను అదిమిపెట్టే నూనె గొట్టమైన షాక్ అబ్జార్బరులో కడ్డీ కదిలే చోటు తగ్గి, అది రబ్బరు దిమ్మకు పదేపదే గుద్దుకుని, కాలక్రమంలో సీలు దెబ్బతిని నూనె కారుతుంది. ఆ ఖర్చు కంపెనీ భరించాలనడం అన్యాయం. అయితే కంపెనీ భాగమే పాడైనప్పుడు ఏమవుతుందన్నది చూడాలి. చక్రాలను మోసే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులు చిట్లితే అది లోపం కాదు, సహజమైన అరుగుదల అంటారు. అరుగుదలకు వారంటీ వర్తించదు. బయటి భాగమైతే బయటిది కనుక చెల్లదు, సొంత భాగమైతే అరిగింది కనుక చెల్లదు. చెల్లాలంటే ఆ భాగం అసలు పనిచేయకుండానే పాడవ్వాలి.

భాగాల సంగతి అలా ఉంటే, వాడకం విషయంలోనూ ఇదే తీరు. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో 2003 నుంచి అయస్కాంత షాక్ అబ్జార్బర్లు లభిస్తున్నాయి; వాటిలోని ద్రవంలో ఇనుప రేణువులుంటాయి, విద్యుదయస్కాంతం ఆజ్ఞ మీద అది క్షణంలో చిక్కబడుతుంది. అంతటి భాగాన్ని కారులో పెట్టిన కంపెనీ, రేసు ట్రాక్ మీద చక్రాలను ఏ కోణంలో అమర్చుకోవాలో యజమాని పుస్తకంలో అంకెలతో సహా బోధిస్తుంది. నెవాడాలోని పరంప్ దగ్గర ట్రాక్ మీద శిక్షణను కొత్త కొనుగోలుదారులకు తగ్గింపు ధరకు ఇప్పిస్తుంది. అదే పుస్తకంలో, పోటీగా నడిపితే వారంటీకి భంగం కలగవచ్చునని కూడా హెచ్చరిస్తుంది. వేగంగా నడపడం ఏ మలుపు దగ్గర పోటీగా మారుతుందో ఆ అంకెల నడుమ కనిపించదు.

ఇన్ని కట్టుబాట్లున్న సిద్ధాంతానికి ఒకే ఒక్క బలహీనత ఉంది. తిరస్కరణకు కారణమేమిటో, పాడైన మోటారుకూ స్ప్రింగుకూ ఉన్న లంకె ఏమిటో కాగితం మీద రాసి సంతకం పెట్టమని కోరితే, అంతవరకు అనుల్లంఘనీయమైన నియమం కాస్తా మేనేజరుగారిని అడిగి చెబుతామనే దాకా దిగివస్తుంది.