మందుచీటీ: కంఠపథ వ్యాఖ్యా సమేతము

అవతారిక. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి భారవి కావ్యానికి ఘంటాపథం అనే వ్యాఖ్య రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. నా మూలంలో ఉన్నవి నాలుగు పంక్తులే. అవైనా బయట బెంచీల నిండా జనం కూర్చుని ఉండగా ఒక జీర్ణకోశ వైద్యుడు కలం ఎత్తకుండా రాసినవి. సూత్రలక్షణాలన్నీ వాటికున్నాయి: అక్షరం తక్కువ, అర్థం ఎక్కువ, దస్తూరి అపౌరుషేయం. గొంతుదారిని గురించిన వ్యాఖ్య కాబట్టి దీనికి కంఠపథం అని పేరు పెడుతున్నాను. సూరిగారు క్షమిస్తారు.

మూలం.

టాబ్. పాంటప్రజోల్ 40 — 1-0-0 — బి.బి.ఎఫ్. — 8 వా.
సిరప్ యాంటాసిడ్ 10 ఎం.ఎల్. — ఎస్.ఓ.ఎస్.
రాత్రి భోజనం పెందలాడే. తలవైపు ఎత్తు. ఎడమ పక్క.
యు.జి.ఐ. ఎండోస్కోపీ.

తాత్పర్యం. "గ్యాస్." తాత్పర్యం చివర్న కదా రావాలి అనవచ్చు. చీటీ జేబులోంచి తియ్యకముందే ఇంటిల్లిపాదీ దీన్ని తేల్చేశారు కనుక దీని చోటు ఇక్కడే. మా బావగారు దానికి భాష్యం కూడా చెప్పారు: "పొద్దున్నే ఆ మాత్ర వేసుకుని, ఆవకాయ మానెయ్ బావా, అంతే." ముందుముందు మనకు పూర్వపక్షి ఈయనే.

సందర్భం. రోగి ఈ వ్యాఖ్యాతే. బాధలు రెండు. మొదటిది రాత్రి నడుం వాల్చాక రొమ్ము ఎముక వెనక మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు. ఇల్వలుడు "వాతాపీ, రా" అని పిలిచే వేళ అన్నమాట. అగస్త్యుడి పొట్టలోంచి వాతాపి బయటికి రాలేదంటే ఆయన జఠరాగ్ని గొప్పదని పౌరాణికులు అంటారు. నాకు తోచేది వేరు: ఆ మహర్షికి అన్నవాహిక అడుగున ఉన్న కవాటం గట్టిది. ఆ కవాటం ఒక కండర వలయం. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, దిగాక మూసుకోవాలి. పొట్ట ఉబ్బితే తేన్పు పోవడానికి కూడా అది కాసేపు వదులవుతుంది. ఆ వదులైన వేళే ఆమ్లం కూడా తేన్పు వెంట పైకి దొర్లుతుంది. జఠరం లోపలి పొరకు ఆమ్లాన్ని తట్టుకునే కవచం ఉంది, అన్నవాహికకు అంతటిది లేదు. ఇక్కడ గరళకంఠుణ్ణి తెచ్చి పోల్చే వ్యాఖ్యాతలుంటారు. ఆ పోలిక కుదరదు. ఆయన కిందికి పోకుండా ఆపాడు, మనం పైకి రాకుండా ఆపలేకపోతున్నాం.

రెండో బాధ అప్పుడప్పుడూ వచ్చేది. చపాతీ ముక్కో, మటన్ ముక్కో దిగుతూ దిగుతూ గుండెల దగ్గర నిలబడిపోతుంది. నీళ్లు పోస్తే నీళ్లూ దాని మీదే నిలబడతాయి. ఒళ్లంతా చెమట, నోటినిండా లాలాజలం. కాసేపటికి అయితే దిగుతుంది, లేకపోతే వచ్చిన దారినే బయటికొస్తుంది. పెరుగన్నం ఏనాడూ ఇలా చెయ్యలేదు.

1-0-0. త్రిసంధ్యలు తెలిసినవారికి దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. ప్రాతఃకాలానికి ఒకటి, మధ్యాహ్నానికి సున్న, సాయంకాలానికి సున్న. అసలు మర్మం తర్వాతి మూడక్షరాల్లో ఉంది.

బి.బి.ఎఫ్. టిఫినుకు ముందు. ముందు అంటే ఎంత ముందు? ఇడ్లీ పళ్లెం ఎదురుగా పెట్టుకుని మాత్ర మింగి, ఆ నోటితోనే చట్నీ అందుకోవడం కూడా ముందే కదా అని మా బావగారి ఆక్షేపం. సమాధానం కాస్త పొడుగు. ఈ మాత్ర పొట్టలో ఉన్న ఆమ్లాన్ని విరవదు. పేగులోకి వెళ్లి, రక్తంలో కలిసి, చుట్టు తిరిగి జఠరం గోడ దగ్గరికి వస్తుంది. ఆ గోడ కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోడే పంపులుంటాయి. పనిచేస్తున్న పంపునే ఇది పట్టుకోగలదు, నిద్రపోతున్న దాన్ని ఏమీ చెయ్యలేదు. పంపుల్ని నిద్రలేపేది అన్నం. రక్తంలో మందు సగానికి పడిపోవడానికి సుమారు గంట చాలు. కాబట్టి పంపులు లేచే వేళకు మందు అక్కడ కాపు కాసి ఉండాలి. అందుకే టిఫినుకు అరగంట నుంచి గంట ముందు. పరగడుపున మాత్ర వేసుకుని పదకొండు దాకా ఏమీ తినకుండా తిరిగేవాడికీ, తిన్నాక గుర్తొచ్చి వేసుకునేవాడికీ మందు దాదాపు ఒకేలా వృథా. పట్టుకున్న పంపును మాత్రం మళ్లీ వదలదు. శరీరం కొత్త పంపుల్ని చేసుకుంటూ పోతుంది, మందు రోజుకు కొన్నిటిని పట్టుకుంటూ పోతుంది. పూర్తి ఫలం కనబడటానికి కొన్ని రోజులు కావాలి. రెండో రోజు సాయంత్రమే "పనిచెయ్యట్లేదు" అనడం శాస్త్రసమ్మతం కాదు.

ఈ జాతి మందుల్లో మొదటిదైన ఒమెప్రజోల్ 1988లో యూరప్ బజారుకొచ్చింది. అంతకుముందు రాజ్యమేలిన సిమెటిడిన్‌ను కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు నోబెల్ బహుమతి వచ్చిందీ అదే ఏడు. ఒకరికి పట్టాభిషేకం జరుగుతుండగానే వారసుడు కోటలోకి వచ్చేశాడు.

8 వా. వారాలు. ఇక్కడ 'వత్సరాలు' అని ఒక పాఠాంతరం దేశమంతటా ప్రచారంలో ఉంది. మోకాళ్ల నొప్పి మాత్రతో పాటు ఒకటి, పెళ్లి భోజనానికి వెళ్తూ ఒకటి, ఏమీ లేని రోజున అలవాటుగా ఒకటి. ఏళ్ల తరబడి వాడాల్సినవాళ్లు నిజంగానే ఉంటారు, అన్నవాహిక బాగా పుండైనవాళ్లు అలాంటివాళ్లే. కానీ ఆ మాట వైద్యుడి నోట రావాలి. మందుల షాపు కుర్రాడు పరిష్కరించిన ప్రతిని ప్రమాణంగా తీసుకోరాదు. తనంతట తాను హఠాత్తుగా మానేసేవాడికీ ఇదే వర్తిస్తుంది.

ఎస్.ఓ.ఎస్. అవసరమైతేనే. గులాబీ రంగు సీసా, మూత దగ్గర ఎప్పుడూ జిగురు. అప్పటికే పైకొచ్చిన ఆమ్లాన్ని కాసేపు చల్లబరుస్తుంది. సుగమం.

రాత్రి భోజనం పెందలాడే. పడుకోవడానికి మూడు గంటల ముందని అర్థం. సీరియల్ అయ్యాక తినే ఇళ్లలో ఈ పంక్తికి అన్వయం కుదరదు.

తలవైపు ఎత్తు. రెండు దిండ్లని అర్థం చేసుకున్నవారు పొరబడ్డారు. దిండ్లు మెడను వంచుతాయి, నడుమును మడుస్తాయి, పొట్ట మీద ఒత్తిడి పెంచుతాయి. మంచమే వాలుగా ఉండాలి. తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున ఇటుకలో చెక్కదిమ్మలో పెట్టాలి. ఈ కాలపు పెట్టె మంచాలకు కోళ్లే లేవు, కింద సొరుగులు, వాటి నిండా పాత బొంతలు. అలాంటివారికి వాలుగా కోసిన ఫోమ్ దిమ్మ గతి. ఇటుకల మీద మంచం ఎక్కాక తెల్లారేసరికి అందరూ కాళ్లవైపు చేరతారని మా ఆవిడ ఆక్షేపణ. దానికి సమాధానం నాకు ఏ భాష్యంలోనూ దొరకలేదు.

ఎడమ పక్క. ఎడమవైపు తిరిగి పడుకుంటే జఠరం అన్నవాహిక కన్నా కిందికి ఉంటుంది. కుడివైపు తిరిగితే ఆమ్లానికి దారి పల్లమవుతుంది.

అనుక్తం. చీటీలో ఆవకాయ ప్రసక్తి లేదు. ఇంట్లోవాళ్లకు మాత్రం కనబడుతున్నదల్లా అదే. ఆమ్లం పుండు చేసిన చోట కారం మండిస్తుంది, నిజం. కానీ ముద్దపప్పు, నెయ్యి, నూనె తేలే పచ్చడి కలిపి పీకలదాకా తిని పక్కెక్కడంలో ఎక్కువ పాపం కొవ్వుది, పరిమాణానిది, వేళది. కొవ్వు జఠరాన్ని ఆలస్యంగా ఖాళీ అవనిస్తుంది, కవాటాన్ని వదులు చేస్తుంది. ఏది పడదో ఎవరికి వారే తినిచూసి తెలుసుకోవలసిందే తప్ప, ఊరందరికీ ఒకే నిషేధం వర్తించదు. వైద్యుడు రాయని దాన్ని విధిగా చేసిన ఇంటివారిని సూరిగారి నియమం అడ్డుకోవాలి.

యు.జి.ఐ. ఎండోస్కోపీ. గ్రంథానికి ప్రాణం ఈ పంక్తి. బావగారి పూర్వపక్షం: "వాము నమిలితే పోయేదానికి నోట్లోంచి కెమెరా గొట్టమెందుకు బావా? మాధవనిదానంలోనే ఉంది కదా, పైకి ఎగదన్నే ఆమ్లపిత్తం అని." ఉన్నమాట నిజమే. మాధవకరుడు ఆమ్లపిత్తాన్ని ఊర్ధ్వగమనీ అధోగమనీ విడదీశాడు. అది నా మొదటి బాధకు చెల్లుతుంది. ముక్క నిలబడిపోవడం వేరే సంగతి. మింగుడు కష్టమైనప్పుడు లోపల చూడకుండా మాత్రతో సరిపెట్టకూడదు. మంట మాత్రకు తగ్గుతుంది, దారి ఇరుకైతే మాత్ర దాన్ని వెడల్పు చెయ్యలేదు. పైగా ఆ ఇరుకు దేనివల్లో తెలియాలి. బరువు తగ్గుతుంటే, రక్తం తగ్గుతుంటే, మింగుడు రోజురోజుకూ కష్టమవుతుంటే క్యాన్సర్ కాదని తేల్చుకోవడమే మొదటి పని.

వైద్యుడు అడిగిన ప్రశ్నలు సూత్రంలో రాలేదు కానీ సూత్రానికి పునాది అవే. గట్టి పదార్థమా, నీళ్లా? గట్టిదానితో మొదలైతే దారిలో అడ్డం. మొదటినుంచీ నీళ్లు కూడా కష్టమైతే కండరాల కదలికలో లోపం. అన్నవాహిక పెద్దవాళ్లలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవు. ముద్దను అలలాగా కిందికి నెట్టుకుంటూ పోతుంది. ఆ అల చెడి, కింది కవాటం వదులు కాకపోయే జబ్బుకు ఎకలేషియా అని పేరు. దానికి జపాన్‌లో 2008లో మొదలైన ఒక చికిత్స పేరు పోయెమ్. శస్త్రానికి కావ్యమని పేరు పెట్టినవారిని అలంకారికులు మెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో ఇప్పుడు అది విరివిగానే జరుగుతోంది.

మింగగానే దగ్గు వస్తోందా, కాసేపాగి అడ్డం పడుతోందా? మింగీ మింగకముందే ముక్కుల్లోకెక్కితే అది పొలమారడం. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతాం. ఊరికే అస్తమానూ పొలమారుతుంటే తలుచుకునేవారిని కాదు, నరాల వైద్యుణ్ణి వెతకాలి. ఏమీ తిననప్పుడు గొంతులో ఉండ ఉన్నట్టుండి, తినేటప్పుడు మాయమైతే అది ఇంకొకటి, చాలావరకు నిరపాయం.

ఎక్కడ అడ్డం? నేను గొంతు గుంట చూపించాను. వైద్యుడు నవ్వి పొట్ట పైభాగం చూపించాడు. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున గొల్లపల్లె అని అలంకారశాస్త్రం చెప్పినట్టు, రోగి చూపించే వేలు లక్షణార్థంలో ఉంటుంది. అడ్డం చాలాసార్లు వేలు పెట్టిన చోటికి కిందనే ఉంటుంది.

పరీక్ష కొద్ది నిమిషాలే. ఆరేడు గంటలు ఏమీ తినకూడదు. గొంతులో చేదు మందు చల్లుతారు, నాలుక మొద్దుబారుతుంది, పళ్ల మధ్య ప్లాస్టిక్ వలయం పెడతారు. పడుకోబెట్టేది ఎడమ పక్కనే. మూలంలోని ఆ పదానికి రెండు చోట్లా అన్వయం ఉంది. కనబడినది అన్నవాహిక అడుగున పలచని పొర వలయం. 1953లో రిచర్డ్ షాట్స్కీ అనే రేడియాలజిస్టు వర్ణించిన బాపతు. దాని లోపలి వ్యాసం 13 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే గట్టి ముక్క ఎప్పుడో ఒకప్పుడు చిక్కుకుంటుందని ఆయన తేల్చాడు. ఒక బెలూన్‌ను అక్కడికి దింపి ఉబ్బించారు. వలయం తెగింది. మళ్లీ ఇరుక్కుపోకుండా మాత్ర మాత్రం ఉండాలన్నారు. కాబట్టి మొదటి పంక్తీ నాలుగో పంక్తీ ఏకవాక్యం.

విశేషం. బంతి భోజనం గురించి ఏ వైద్యగ్రంథమూ రాయదు. వడ్డించేవాడు ఆగడు. పక్కవాడు పెరుగులోకి వచ్చేసరికి మనం పులిహోర దగ్గరే ఉంటాం. మునుపు ఔపోసన మొదట ఒకటి, చివర ఒకటి. మింగుడు కష్టమైనవాడికి ముద్దకొకటి. ముక్క నిలబడిందంటే విస్తరి ముందునుంచి లేవడం అమర్యాద, లేవకపోతే ఇంకా పెద్ద అమర్యాద. చేతిలో జేబురుమాలుతో కుళాయి వెతుక్కుంటూ పోతుంటే వెనక నుంచి ఎవరో "పాపం, గ్యాస్" అంటారు. ఒక్క హెచ్చరిక: చెమటతో, ఎడమ చెయ్యి లాగుతూ, నడిస్తే ఎక్కువయ్యే ఛాతీనొప్పికి ఈ వ్యాఖ్య వర్తించదు. దాన్ని గ్యాస్ అని సోడాతో సరిపెట్టి తెల్లవారేదాకా చూసిన ఇళ్లు నాకు తెలుసు. అప్పుడు చీటీ కాదు, అంబులెన్స్.

ఫలశ్రుతి. పొద్దున్నే మాత్ర వేసుకుని ఈ కంఠపథాన్ని తాపీగా మూడుసార్లు పారాయణం చేసినవారికి అరగంట గడుస్తుంది. ఆపైన ఇడ్లీ తినవచ్చు.