స్నేహానికో సిలబస్

మీ అమ్మాయిని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నారు. మొదట్లో ‘లెక్కలెవరు చెబుతారు?’ అని అడిగిన బంధువులు, పిల్ల తమకంటే బాగా లెక్కలు చేస్తుందని తెలిశాక ప్రశ్న మార్చారు: ‘అంతా బాగానే ఉందిగానీ, మరి దానికి స్నేహితులేరీ?’ పెళ్ళిలో, పేరంటంలో, ఆఖరికి లిఫ్టులో కూడా ఇదే ప్రశ్న. దీనికి తిరుగులేని జవాబు బుక్ క్లబ్. హైదరాబాదులో మనలాంటి కుటుంబాలు ఊరికి నలుమూలలా విసిరేసినట్టుంటాయి కాబట్టి పదిమంది ఆడపిల్లల్ని పోగేయడమే కష్టం. పోగయ్యాక నడపడం తేలిక. ఈ కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటిస్తే చాలు.

1. ముందు తల్లుల వాట్సాప్ గ్రూపు పెట్టండి

పిల్లల సంగతి తర్వాత. గ్రూపు పేరు మీద రెండు రోజులు, లోగో మీద వారం, యూనిఫాం టీషర్టు రంగు మీద ఓపికున్నంత కాలం చర్చ నడవాలి. ‘ఏం చదువుతారో పిల్లల్నే అడుగుదామా?’ అని ఎవరైనా అంటే, దండం బొమ్మ ఒకటి పెట్టి వేరే సంగతిలోకి వెళ్ళిపోండి. వాళ్ళనడిగితే దెయ్యాల కథలంటారు. లేదంటే చదివిందే మళ్ళీ చదువుతామంటారు.

2. వయసుల వారీగా కూర్చోబెట్టండి

ఇంట్లో చదువుకునే పిల్లలకు ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. పదమూడేళ్ళ పిల్ల ఎనిమిదేళ్ళదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, జడ వేస్తూ కథ చెబుతుంది. చిన్నది మధ్యలో అడ్డు తగిలి ముగింపు మార్చేస్తుంది. పెద్దది ఒప్పుకుంటుంది కూడా! ఇలా వయసు తారతమ్యం తెలియకుండా పెరిగితే రేపు ఆఫీసులో ఎలా నెగ్గుకొస్తారు? ఎనిమిదేళ్ళవాళ్ళు ముందు వరస, తొమ్మిదేళ్ళవాళ్ళు రెండో వరస, ఇలా వెనక్కి. బడి వద్దనుకుని తెచ్చుకున్న పిల్లలకు బడిలోని మేలైన భాగం అందకుండా పోకూడదు.

3. మంచి పుస్తకం ఎంచుకోండి, అందులోది ఏదీ పాటించకండి

విశ్వనాథవారి ‘వేయిపడగలు’తో మొదలుపెడదామని ఒక తాతగారు తప్పకుండా అంటారు. పిల్లల పెళ్ళిళ్ళ లోపు పూర్తవుతుందన్న నమ్మకం ఉంటే సరేననండి. లేకపోతే తెత్సుకో కురొయనాగి రాసిన ‘తొత్తోచాన్’ తీసుకోండి. 1981లో జపాన్‌లో వచ్చింది, తెలుగులో ‘రైలుబడి’ పేరుతో దొరుకుతుంది. ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేసిన పిల్ల, పాత రైలుపెట్టెల్లో నడిచే తొమోయే బడిలో చేరుతుంది. మన పిల్లలకు అచ్చంగా సరిపోయే కథ.

అయితే అందులోని కొబయాషి మాస్టారితో జాగ్రత్త. చేరడానికి వచ్చిన పిల్ల కబుర్లు మొదటిరోజే నాలుగు గంటలు కూర్చుని విన్నాడాయన. రోజూ పొద్దున ఆనాటి పాఠాలన్నీ బోర్డు మీద పెడితే, ఎవరికి నచ్చినదాంతో వాళ్ళు మొదలుపెట్టేవారట. మనకున్నది శనివారం సాయంత్రం గంటన్నర. ఒక్కో పిల్ల నాలుగు గంటలు మాట్లాడితే పదిమందికి ఎన్ని శనివారాలు కావాలి? మనిషికి రెండు నిమిషాలు. సెల్‌ఫోన్‌లో గంట పెట్టండి. కథలో పిల్ల ఏడ్చిన చోట మన పిల్లెవరైనా ‘నాకూ బడిలో ఒకసారి...’ అని మొదలుపెట్టిందా, గంట మోగేదాకా కూడా ఆగక్కర్లేదు. అది పుస్తకంలో లేని విషయం.

4. పరీక్ష పెట్టండి

మన పిల్లల్లో చాలామంది ఏదో ఒకనాటికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్ వారి పదో తరగతి రాయాల్సినవాళ్ళే. దానికి పద్నాలుగేళ్ళు నిండాలి. సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. ఒకసారి నమోదైతే ఐదేళ్ళు చెల్లుతుంది, ఆ ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు. ప్రభుత్వ సంస్థ కాబట్టి అంత మెత్తగా ఉంది. మనం ఉండక్కర్లేదు. ప్రతి అధ్యాయానికీ ఇరవై ప్రశ్నలు, ఒకే అవకాశం. ‘తొత్తోచాన్ స్థానంలో నువ్వుంటే ఏం చేసేదానివి?’ లాంటి ప్రశ్నలకు మార్కులెలా వేస్తాం? ‘రైలుపెట్టెలు ఎన్ని?’ అని అడగండి.

5. తెలుగు పైకి చదివించి, తప్పులు అక్కడికక్కడే దిద్దండి

ఇంగ్లీషు గడగడా చదివే పిల్లలు తెలుగు పేజీ తెరవగానే తడబడతారు. ఒక పదేళ్ళ పిల్ల ‘ప్రత్యుత్తరం’ దగ్గర ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్న పిల్ల తలెత్తకుండానే చూపుడువేలు ఆ మాట కిందికి జరిపి, ఒక్కో అక్షరం దగ్గరా ఆపుతూ పెదవులు కదిపింది: ప్ర, త్యు, త్త... ఇద్దరూ కలిసి మాట పూర్తిచేసి, ఏదో దొంగతనం చేసినట్టు కిసుక్కున నవ్వుకున్నారు. ఇలాంటిది కంటపడితే చూసీచూడనట్టు ఊరుకోకండి. అది అందించడం, పరీక్ష భాషలో కాపీ. ఇద్దర్నీ చెరో మూలకీ మార్చి, మొదటి పిల్ల చేత అదే వాక్యం ఒంటరిగా, ఇంకాస్త గట్టిగా చదివించండి. తెలుగు మీద ప్రేమ అలాగే పుడుతుంది.

6. ప్రతిసారీ చోటు మార్చండి

ఈ వారం ఉప్పల్, వచ్చే వారం కోకాపేట, పై వారం బాచుపల్లి. ఒకే ఇంట్లో వరసగా కలిస్తే పిల్లలకు ఆ ఇంటి కుక్క పేరు, అటకమీది ఆటసామాన్లు, అమ్మమ్మగారు బూందీ దాచే డబ్బా అన్నీ తెలిసిపోతాయి. చనువు పెరుగుతుంది.

ప్రయాణం విషయంలో మరీ జాగ్రత్త. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉందని, నలుగురు పిల్లల్ని ఒక పెద్దావిడ వెంట పంపుదామని సలహా ఇస్తారు. దారిపొడవునా కిటికీకి అతుక్కుని కబుర్లే కబుర్లు. క్లబ్బుకు చేరేసరికి చెప్పుకోవాల్సినవన్నీ అయిపోతాయి. ఎవరి పిల్లని వాళ్ళు ఎవరి కారులో వాళ్ళు తీసుకురావాలి. దారిలో అధ్యాయం మరోసారి చదివించవచ్చు.

7. తినేవి తగ్గించండి

కొబయాషి మాస్టారు పిల్లల డబ్బాల్లో ‘సముద్రంలోంచి ఒకటి, కొండమీంచి ఒకటి’ ఉండాలనేవాడు. మధ్యాహ్నం అందరూ ఒకరి డబ్బా ఒకరు చూసుకోవడమే పెద్ద సంబరం. మనకా సంబరం వద్దు. ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు ఒక్క పళ్ళెంలో పెడితే ఏమవుతుందో తెలుసుగా: పది చేతులు, ఒకరి ముక్క ఒకరు లాక్కోవడం, పుస్తకం మీద కారం వేలిముద్రలు. సీలు వేసిన బిస్కెట్ ప్యాకెట్ మనిషికొకటి ఇవ్వండి. పంచుకోవాల్సిన పని ఉండదు.

8. తగాదా వస్తే పెద్దలే తేల్చండి

ఎప్పుడో ఒకప్పుడు ఇద్దరు పిల్లలు మాట మానేస్తారు. కారణం ‘నా పెన్సిల్ అడక్కుండా తీసుకుంది’ స్థాయిలోనే ఉంటుంది. వాళ్ళకు వదిలేస్తే అలిగి, ఓరచూపులు చూసి, చివరికి మూడోదాని చేత కబురు పంపి, వాళ్ళ దారిన వాళ్ళు కలిసిపోతారు. అందులో మన పాత్ర ఏముంది? వెంటనే గ్రూపులో పెట్టండి. రెండువైపుల అమ్మలూ వాంగ్మూలాలు ఇవ్వాలి. పిల్లలు ఆ సాయంత్రానికే కలిసి గోరింటాకు పెట్టుకుంటున్నా సరే, అమ్మలు కనీసం సంక్రాంతి దాకా ముఖాలు చూసుకోకూడదు.

9. మూడు నెలలకోసారి ఫలితం చూసుకోండి

చదివిన పేజీలు, రాసిన సమీక్షలు, సర్టిఫికెట్లు, బ్యానరు ముందు దిగిన ఫొటోలు లెక్కేసుకోండి. ఫొటోలో అందరూ పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని, కెమెరా వైపే చూస్తుండాలి. ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్న ఫొటో ఉంటే తీసేయండి.

ఇంత చేసినా కొన్ని క్లబ్బులు దారి తప్పుతాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం, క్లబ్బు లేని రోజున, మీ అమ్మాయి వచ్చి ‘అమ్మా, నేను నా ఫ్రెండు వాళ్ళింటికి వెళ్ళనా?’ అంటుంది. చేతిలో పుస్తకం ఉండదు. ఏ అధ్యాయమో చెప్పదు. ఎందుకంటే ‘ఊరికే’ అంటుంది. కంగారుపడకండి, కోప్పడకండి. శాంతంగా ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ‘వెళ్ళి ఏం నేర్చుకుంటావ్?’ పిల్ల ఇక అడగదు. బంధువులు మళ్ళీ అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఫొటోలు ఎలాగూ ఉన్నాయి.